ఒక లారీ, రెండు రిమోట్లు

మలుపు తిరగబోయే ముందు సిగ్నల్ వెయ్యనివాణ్ణి మా బావ మనిషి కింద లెక్కెయ్యడు. లారీ నడిపినన్నాళ్ళూ అంతే, లారీ చేజారిపోయాకా అంతే. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కంపెనీవాళ్ళు ఒక పూలగుత్తి చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు. ఆ తర్వాత బావ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, వీధి మలుపులో వచ్చేపోయే బళ్ళన్నిటినీ తిడుతూ కూర్చునేవాడు. "ఎటు తిరుగుతాడో వాడికే తెలీదు, ఇంక వెనకాలవాడికేం తెలుస్తుంది?" అనేవాడు. అక్క బేకరీలో పని ముగించుకుని వచ్చేసరికి ఆయన గొంతు బొంగురుపోయి ఉండేది.

నేను ఆ అక్కకి చెల్లెల్ని. బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చుంటాను. రోజంతా జనంతో గొంతు చించుకోవడమే నా ఉద్యోగం కాబట్టి నాకు కోపం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. అననివ్వండి. ఈ సంగతి మొత్తం విన్నాక మీకు కోపం రాకపోతే అప్పుడు మాట్లాడదాం.

బావ చేతికి వ్యాయామం చేయించే అమ్మాయి, "ఆయన్ని ఊరికే కూర్చోబెట్టకండి, వేళ్ళకి ఏదో ఒక పని చెప్పండి" అంది. నేను పాతసామాన్ల కొట్లో రిమోటుతో నడిచే బొమ్మ లారీ ఒకటి చూసి పట్టుకొచ్చాను. మూరెడు పొడుగుంటుంది. బావ దాన్ని ఎగాదిగా చూశాడు.

"నేను ఆడుకునే వయసులో ఉన్నానా, మరదలా?"

"వీధిలో బళ్ళని తిట్టే వయసులో మాత్రం ఉన్నావా, బావా?"

మర్నాడు నేను వెళ్ళేసరికి లారీ పొట్ట విప్పి బల్లనిండా పరిచి ఉంది. హెడ్‌లైట్లు ఉండాల్సిన చోట అతికించిన కాగితపు స్టిక్కర్లు బావకి నచ్చలేదు. లైట్లు లేని బండి రోడ్డెక్కకూడదు, అది బొమ్మదైనా సరే. ముందు తెల్ల ఎల్ఈడీలు, పక్కల పసుపువి, వెనక ఎర్రవి. ఎడమచేత్తో ఆయన సోల్డరింగు చేస్తుంటే అక్క వైర్లు పట్టుకునేది. మధ్యలో రెసిస్టర్ పెట్టకుండా నేరుగా బ్యాటరీకి కలిపి మొదటి ఎల్ఈడీలను కాల్చేసింది కూడా అక్కే. బావ ఆమెని ఒక్కమాట అనలేదు. అదే నాకు బాధగా ఉండేది. జబ్బు చేసినప్పటినుంచీ వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఏమీ అనుకోవడం లేదు. ఆయనకి సిగ్గు, ఆమెకి అలసట. ఇల్లంతా ఆసుపత్రి వార్డులా నిశ్శబ్దంగా ఉండేది.

లైట్లయితే పెట్టారు కానీ వాటిని వెలిగించడం దగ్గర చిక్కొచ్చింది. బండిని నడపడానికి రిమోటు మీదున్న ఒక్క పుల్ల చాలు, దాన్ని బావ ఎడమ బొటనవేలితో ఎటైనా తిప్పగలడు. లైట్లకి కలపడానికి ఖాళీగా ఉన్న మీటలు మాత్రం కుడివైపు కొసన ఉన్నాయి. అక్కడికి పోవాల్సిన వేళ్ళు ఆయన ఒళ్ళో చచ్చుపడి ఉన్నాయి. అందుకని లారీ క్యాబిన్లో ఇంకో రిసీవర్ బిగించాడు. మొదటి రిమోటు బండిని నడుపుతుంది, రెండోది లైట్లు మాత్రం వేస్తుంది. ఆ రెండోది అక్క చేతికొచ్చింది.

దాంతో మొదలైంది గొడవ. హాల్లో కుర్చీకాళ్ళ మధ్య లారీ వెళుతుంటే బావ "ఎడమ" అనేవాడు. అక్క మీట వెతుక్కుని నొక్కేసరికి బండి తిరిగిపోయేది.

"తిరిగాక వేసేది సిగ్నల్ కాదు, కబురు," అనేవాడు బావ.

"మీరు నోటితో చెప్పి అదే క్షణంలో చేత్తో తిప్పేస్తారు. నేనేమన్నా మంత్రాలు చదివానా ముందే తెలియడానికి?"

"బ్రేకు లైటేదీ?"

"బ్రేకు వేస్తున్నట్టు చెప్తేగా?"

గుమ్మంలో నిలబడి అదంతా విన్నాను. ఎన్నాళ్ళకో ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

పోనుపోను బావ చెప్పడం మానేశాడు, అక్క అడగడం మానేసింది. వేలు కదలకముందే ఆయన భుజం ఎటు వాలుతోందో ఆమె కనిపెట్టేసేది. ముందు దీపం మెరిసేది, తర్వాతే చక్రం తిరిగేది. బండి మీద వాళ్ళ కళ్ళుండేవి కానీ, చూసుకుంటున్నది ఒకరినొకరు.

మా దగ్గర ఇలాంటి బొమ్మ బళ్ళవాళ్ళకో సంఘం ఉంది. పాత గోదాములో పలకలతో రోడ్లు, మలుపులు, చిన్న వంతెన కట్టుకున్నారు. ఏడాదికోసారి పట్టపగలే తలుపులు మూసి, తెరలు దించి, చీకట్లో బళ్ళు నడిపిస్తారు. లైట్లు ఎలా వాడారో చూసి మార్కులేస్తారు. బావకి ఆ మాట చెవిన పడింది. నలుగురి మధ్య, చీకటి రోడ్డు మీద, అక్కతో కలిసి ఒక్కసారి లారీ నడపాలి. అంతకుమించి ఆ మనిషి ఏమీ కోరలేదు.

సంఘం కార్యదర్శిది రంగుల కొట్టు. పేర్లిచ్చే రోజున లారీని తిప్పి తిప్పి చూసి, "పని బాగుంది పెద్దాయనా. కానీ ఒక బండికి ఒక మనిషి, ఒక రిమోటు. లైట్లు కూడా డ్రైవరే వెయ్యాలి," అన్నాడు.

"నాకు రెండో చెయ్యి లేదు," అన్నాడు బావ.

"దానికేం భాగ్యం." జేబులోంచి గోరంత సర్క్యూటు తీశాడు. "ఇది పెట్టుకోండి. చక్రం తిరగ్గానే ఇండికేటర్ దానంతటదే వెలుగుతుంది. బ్రేకూ అంతే. మీ ఆవిడగారికి శ్రమ తప్పుతుంది."

అక్క అక్కడే నిలబడి ఉంది. ఆమె వైపు చూడను కూడా చూడకుండా అన్నాడా మాట. నాకు అరికాలిమంట నెత్తికెక్కింది. శ్రమట, శ్రమ. బావని మంచం మీంచి లేపడానికి, స్నానం చేయించడానికి, చొక్కా గుండీలు పెట్టడానికి ఇన్నాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు ఏ సర్క్యూటూ పట్టుకురాలేదు. ఆమె ముచ్చటపడి చేసే ఒకే ఒక్క పనికి మాత్రం దొరికింది. నేను నోరు తెరవబోతే అక్క నా మోచెయ్యి గిల్లింది.

"పోనీలెండి, అది పెట్టించుకోండి. నేను కూర్చుని చూస్తాను," అంది బావతో.

బావ సర్క్యూటు తీసి జేబులో వేసుకున్నాడు. అప్పటినుంచీ నేనాయనతో మాట్లాడలేదు.

పోటీ రోజున గోదాములో అక్కా నేనూ, చూసేవాళ్ళకి అడ్డంగా కట్టిన తాడు ఇవతల కుర్చీల్లో కూర్చున్నాం. రెండో రిమోటు అలవాటు కొద్దీ అక్క సంచిలోనే ఉంది. తెరలు దించారు. మిలమిలలాడుతూ ఒక్కొక్క బండీ బయలుదేరింది. వాటి మధ్యలో మా లారీ చీకటిముద్దలా కదిలింది. ఒక్క దీపం లేదు. మొదటి మలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. వెనకాల వచ్చే బళ్ళన్నీ వరసగా ఆగిపోయాయి.

కార్యదర్శి మైకులో, "పెద్దాయనా, బండి తియ్యండి," అన్నాడు.

"సిగ్నల్ పడలేదు," అన్నాడు బావ.

"నేనిచ్చిన సర్క్యూటు ఏమైంది?"

"జేబులో ఉంది. తిరిగాక వెలిగేది నాకెందుకు?"

జనం నవ్వారు. ఎవడో "ముసలాయన్ని పక్కకి తప్పించండి" అన్నాడు. ఆ మాటతో నా ఒళ్ళు భగ్గుమంది.

"అక్కా, నొక్కు."

"వద్దే. ఆయన్ని పోటీలోంచి తీసేస్తారు."

ఇంక ఆగలేకపోయాను. సంచిలో చెయ్యి పెట్టి రిమోటు లాక్కుని, చేతికందిన మీటలన్నీ నొక్కేశాను. లారీ ముందూ వెనకా పక్కలా టపటపా వెలిగి ఆరింది. అయినా కదల్లేదు. బావ ఇటు తిరిగి చూడలేదు కూడా.

"మరదలా, అది మీ అక్కకిచ్చెయ్," అన్నాడు, గోదాము అంతటికీ వినపడేటట్టు.

అక్క లేచింది. నా చేతిలోంచి రిమోటు తీసుకుని, తాడు కింద నుంచి వంగి అవతలికి వెళ్ళి ఆయన ఎడమపక్కన నిలబడింది. హెడ్‌లైట్లు వెలిగాయి. తర్వాత ఎడమవైపు పసుపుదీపం రెప్ప కొట్టింది. అప్పుడు తిరిగింది లారీ. వంతెన ఎక్కింది, దిగేటప్పుడు వెనక ఎర్రదీపం వెలిగింది, రెండో మలుపులో కుడిదీపం. చివరిదాకా ఇద్దరూ ఒక్కమాట మాట్లాడుకోలేదు. నేను ఏడుస్తున్నానని పక్కనున్నావిడ చెప్తేగానీ నాకే తెలియలేదు.

తెరలు తీశాక కార్యదర్శి కాగితాలు పట్టుకుని వచ్చాడు. "నన్నేం చెయ్యమంటారు చెప్పండి. రూలు రూలే. మీకు సున్నా వెయ్యక తప్పదు," అన్నాడు.

"వెయ్యండి. కానీ ఇద్దరి పేర్ల మీదా వెయ్యండి," అన్నాడు బావ.

"మీ ఒక్కరి పేరేగా ఇచ్చారు?"

"ఇప్పుడిస్తున్నాను. ఆ సున్నా నా ఒక్కడిదీ కాదు."

కార్యదర్శి బావ వంక చూశాడు, వెనక చేరిన జనం వంక చూశాడు. కలం తీసి, మొదటిసారి మా అక్క వైపు తిరిగాడు.

"మీ పేరేంటమ్మా?"

అక్క తన పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, నెమ్మదిగా, అతను రాయడం పూర్తయ్యేదాకా కాగితం మీదినుంచి కళ్ళు తిప్పకుండా చెప్పింది.