లెటర్‌కెన్నీ డాక్టరమ్మ

మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం వినండి. ఐర్లండ్‌లోని ఈ గాల్వేలో మన తెలుగువాళ్ళందరి సంగతులూ నా దగ్గరే ఉంటాయని మీకు తెలుసు. నా సంగతి ఇంకొకరు చెప్పకముందే నేనే చెప్పేస్తున్నా.

మా పక్కింట్లో కిరణ్ అద్దెకుంటాడు. గుండెకు వేసే స్టెంట్లు తయారుచేసే ప్లాంటులో ఇంజనీరు. యూనివర్సిటీ ల్యాబులో పనిచేసే శ్రావణి అంటే ఇష్టం. నెలకోసారి మేమంతా తలా ఒక వంటకం తెచ్చుకుని ఒక హాల్లో కలుస్తాం. ఏడు నెలలుగా కిరణ్ ఆ అమ్మాయి వెనకే ప్లేటు పట్టుకుని నిలబడుతున్నాడు. పులిహోరలో ఉప్పు తగ్గిందని కూడా ఆమెతో అనలేకపోయాడు.

నాకో సిద్ధాంతం ఉంది. అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే, బయట పదిమంది లైన్లో ఉంటే చాలు, ఆ ఇల్లే కావాలనిపిస్తుంది. మా ఇల్లు అలా తీసుకున్నదే. బాత్రూం తలుపు ఇప్పటికీ పడదు. మనుషులూ అంతేననుకుని, పోయిన నెల శ్రావణి చెవిలో ఒక మాట వేశాను, లెటర్‌కెన్నీలో ఒక డాక్టరమ్మ కిరణ్ గురించి అడుగుతోందని. అలాంటి డాక్టరమ్మ లేదు. ఎవరూ వెళ్ళి చూసిరారని దూరపు ఊరు పెట్టాను.

"ఓ, గ్రాండ్ ఆంటీ" అని, 'బాగుంది' అనడానికి ఐరిష్‌వాళ్ళు వాడే మాటే వాడి, శ్రావణి ఇంకో గారె వేసుకుంది. ఈ నెల కలిసినప్పుడు మాత్రం కిరణ్‌కు దూరంగా కూర్చుంది. వెళ్ళేటప్పుడు, డాక్టరమ్మ సంగతి ఆంటీ చెప్పారంటూ అతనికి కంగ్రాట్స్ కూడా చెప్పింది.

మర్నాడు ఆదివారం పొద్దున్నే కిరణ్ మా ఇంటికొచ్చాడు. కొత్త హెయిర్‌కట్, ఇస్త్రీ చొక్కా.

"ఆంటీ, ఆ డాక్టరు గారు నన్నెక్కడ చూశారట?"

మరి శ్రావణి సంగతేమిటన్నాను. తలొంచుకున్నాడు.

"తను నన్నెప్పుడూ అడగలేదు కదా. ఈవిడ అడిగారు."

శనివారానికి లెటర్‌కెన్నీ బస్సు టికెట్ కూడా తీసుకున్నాడట. ఇక చెప్పక తప్పలేదు. చెప్పాను. నేనిచ్చిన టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"అంటే నన్నెవరూ అడగలేదా ఆంటీ?"

టీ బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు. కప్పు నిండుగా అలాగే ఉంది.

ఆ మధ్యాహ్నమే శ్రావణి దగ్గరికెళ్ళి తప్పు ఒప్పుకున్నాను.

"పోయిన నెల నేనే తనని కాఫీకి పిలుద్దామనుకున్నా ఆంటీ. మధ్యలో నేనెందుకని ఆగిపోయా" అంది. "చెడగొట్టింది మీరే, మీరే వెళ్ళి చెప్పండి."

వెళ్ళి కిరణ్ తలుపు కొట్టాను. ఇన్నేళ్ళలో అంత నిఖార్సయిన వార్త నేనెప్పుడూ మోయలేదు.

"కిరణ్, శ్రావణి నీ గురించి అడిగింది. కాఫీకి వస్తావా అని."

నన్ను ఎగాదిగా చూశాడు.

"ఈ శ్రావణిది ఏ ఊరు ఆంటీ?"

వెంటనే శ్రావణికి ఫోన్ కలిపి అతని చేతిలో పెట్టాను. లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు. వాళ్ళింటి తలుపు బాగానే పడుతుంది, ఒక్క ముక్కా వినపడలేదు. లెటర్‌కెన్నీ టికెట్ మాత్రం క్యాన్సిల్ చేశాడు.

సోమవారం నుంచి అందరూ వాళ్ళ సంగతి ఏమైందని నన్నే అడుగుతున్నారు. నాకేమీ తెలియదంటే ఒక్కరూ నమ్మడం లేదు.