రెండు గంపల తాలు

మా అక్కకు మిరపకల్లంలో మంచి పేరుండేది. ఎర్రగా ఎండిన కాయల్లోంచి తెల్లబారిన తాలు కాయలను ఆమెలా ఏరేవాళ్లు మా ముఠాలో లేరు. కొత్త కూలీలు వస్తే మేస్త్రమ్మ, "పోయి ఆమె పక్కన కూచోండి, కన్నంటే ఏందో తెలిసిద్ది" అని పంపేది.

రెండేళ్ల కిందట ఆ కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఆమె ఏరిన ఎర్ర కాయల్లో తాలు కలిసిపోయేది. ఆపరేషన్ చేయించుకోమంటే అక్క వినలేదు.

"కన్ను పోయిందని నేనే చాటుకుంటే ఇంక నేనెవర్నే?" అంది.

యాభై దాటాక నేను రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అక్కడి పంతులమ్మగారు ఇచ్చిన చిన్న పుస్తకంలో బుద్ధుడి బోధలున్నాయి. అన్నాలవేళ కూడబలుక్కుంటూ అక్కకు చదివి వినిపించాను. కన్ను నేను కాదు, చూపు నాది కాదు, నాదే అయితే ఇలా ఉండమంటే ఉండేది కదా అని అందులో ఉంది.

అక్క ముద్ద నములుతూ నవ్వింది. "కన్ను నాది కాకపోతే ఈ చేతుల మంటెవరిదే? మీ బుద్ధుణ్ణి ఒక్కపూట వచ్చి తొడిమలు తీయమను!"

పుస్తకం మూసేసి, నాకు చేతనైన పని చేశాను. ఆమె మంచినీళ్లకు లేచినప్పుడల్లా ఆమె కుప్పలోంచి తాలు ఏరి నా గంపలో వేసుకునేదాన్ని. వారం తిరక్కుండానే మేస్త్రమ్మ నా ముందు నిలబడింది.

"ఒకే కల్లంలో కాయ గదా! అందరికీ ఒక గంప తాలొస్తే నీకు రెండెట్టా వచ్చినయ్యే?"

అక్క చేతులు ఆగిపోయాయి.

"అందులో ఒకటి నాది. నాకు కనబడట్లా" అంది, అందరికీ వినబడేలా.

మేస్త్రమ్మ, "బాగుచేయించుకుని రా. నీ చోటు యాడికీ పోదు" అని వెళ్లిపోయింది.

అక్క ఇక నాతో మాట్లాడదనుకున్నాను. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వచ్చి నా పక్కనే కూర్చుంది.

"ఆ ముక్క మళ్లీ చదువు."

చదివాను. అరచేతులు చూసుకుంటూ విన్నది.

"ఉండమంటే ఉండలేదే, నిజమే. నా మాట వినని కన్ను కోసం నేను సిగ్గుపడేదేంది? పద, ఆస్పత్రికి పోదాం."

ఆపరేషన్ అయిన మర్నాడు నర్సమ్మ కట్టు విప్పింది. అక్క నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది.

"ఒసే, నీ జుట్టు ఎప్పుడు నెరిసిందే? ఆ మసకలో నేను రోజూ నీ పెళ్లినాటి మొహాన్నే చూస్తన్నాగా!"

నర్సమ్మ నవ్వింది. అక్క నవ్వలేదు. నా నుదుటి ముడతలను ఒక్కొక్కటే వేలితో తడుముతూ, "ఇదెప్పటిది? మరి ఇదో?" అని అడుగుతూ ఉంది. నాకు గుర్తున్నంత వరకు చెబుతూ వచ్చాను.