పలుకు లేని పిండి

నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి వరకే. అయినా పట్నంలో నలభై రెండేళ్ళు మిక్సీలు బాగుచేశాను. కాలిపోయాయని పెద్ద పెద్ద మెకానిక్కులు పక్కన పడేసిన మోటార్లకు కొత్త తీగ చుట్టి తిప్పించిన చెయ్యి ఇది. మా మెకానిక్కుల సంఘం రెండుసార్లు ప్రశంసాపత్రం ఇచ్చింది. రెండింటికీ అద్దం కట్టించి ముందుగదిలో పెట్టాను. ఇన్ని చెప్పుకుంటున్నవాణ్ణి మా వదిన సంగతి కూడా చెప్పాలి.

వదిన అంటే పోయిన మా అన్నయ్య భార్య. బట్టల ఫ్యాక్టరీ క్యాంటీన్లో పదకొండేళ్ళు గిన్నెలు తోమింది. అక్కడి పాత వంటమనిషి చేసే ఫలాఫెల్ అనే అరబ్బీ వడలు చూసి చూసి నేర్చుకుంది. శనగలు ఉడకబెట్టకూడదు, నానబెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర, జీలకర్ర చేర్చి బరకగా రుబ్బి, ఉండలు చేసి నూనెలో వేయించాలి. వదిన ఇంట్లో చేతిమరలో రుబ్బేది. ఆవిడ చేసినవి విరిస్తే లోపల పచ్చగా, పొడిపొడిగా ఉండేవి.

వంటమనిషి మానేశాక ఆ పొయ్యి దగ్గరి పని తనకిమ్మని అడిగింది. సోమవారం మధ్యాహ్నానికి అరవై ఫలాఫెల్ చేసి చూపించమన్నాడు మేనేజరు. సరిగ్గా ఆ ముందురోజే ఆవిడ మణికట్టు బెణికింది. సోమవారం తెల్లారగానే నేను బ్లెండర్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

"నేనుండగా మీకు మర తిప్పే కర్మేమిటి వదినా?"

"నువ్వు తిప్పేది మోటార్లు, నోరూ. పిండి ఎప్పుడు తిప్పావయ్యా?"

"ఈ మోటారు రాళ్ళేసినా పిండి చేస్తుంది."

"సరే, రాళ్ళు కాదుగానీ విను. చుక్క నీళ్ళు పోయకు. కొద్దికొద్దిగా వేసి, ఆపి ఆపి తిప్పు. పలుకు ఉండాలి."

ఆవిడ స్నానానికి వెళ్ళింది. కొద్దికొద్దిగా వేయడం నా మోటారుకు చిన్నతనమనిపించి జార్ నిండా పోశాను. బ్లేడు ఇరుక్కుంది. మోటారు మూలిగింది, కాలిన వాసన కొట్టింది. ఆ మూలుగు నేను భరించలేను. పక్కనున్న గ్లాసుడు నీళ్ళు పోసేశాను. గిర్రున తిరిగింది. పిండి వెన్నలా వచ్చింది.

వదిన తడి జుట్టుతో వచ్చి పిండిని రెండు వేళ్ళ మధ్య రాసి చూసింది.

"నీళ్ళు పోశావా?"

"కొంచెమే. లేకపోతే మోటారు కాలిపోయేది."

"కాలనివ్వాల్సింది."

మళ్ళీ నానబెట్టే వ్యవధి లేదు. గుడ్డలో వేసి నొప్పి చేత్తోనే పిండింది, శనగపిండి కలిపింది. గిన్నె నేనే మోసుకెళ్ళాను. క్యాంటీన్లో మొదటి ఉండ నూనెలో పడగానే విడిపోయింది. రెండోది నురుగైపోయింది. మేనేజరు చిల్లుల గరిటెతో దేవి చూశాడు.

"ఇవి తినాలా, తాగాలా? పిండి ఎవరు రుబ్బారమ్మా?"

వదిన నా వంక చూడలేదు. ఒక్క క్షణం ఆగిందంతే. ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్ మిక్సీలన్నీ బాగుకు నా దగ్గరికే వచ్చేవి. నేను నోరు మెదపలేదు.

"నేనే అండీ," అంది.

"గిన్నెలు బాగానే తోముతావుగా. అదే చేసుకో."

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు అదే సింకు దగ్గర నిలబడి రిటైరైంది. నాతో మాటలు మానలేదు. వెళితే టీ కూడా ఇస్తుంది. కానీ ఆ రోజు నుంచి నన్ను 'ఏమయ్యా' అనలేదు, ఒక్క వెటకారం ఆడలేదు. "రండి మరిదిగారూ, కూర్చోండి" అంటుంది.

పోయిన నెల నేనే శనగలు నానబెట్టి, చుక్క నీళ్ళు పోయకుండా, ఆపి ఆపి తిప్పి, వేయించి తీసుకెళ్ళాను. ఒకటి విరిచి చూసింది.

"పలుకు ఉందండీ," అని పళ్ళెం పక్కకు జరిపింది. తినలేదు.

ఆ బ్లెండర్ మోటారు మాత్రం ఈ రోజుకీ కాలలేదు.