బొమ్మ వీపు మీది బట్ట

మా ఇంట్లో బట్టతో చేసినది ఏది కొన్నా ముందు నా చేతిలోకి రావాలి. గొడుగైనా, స్కూలు బ్యాగైనా, దోమతెరైనా అంతే. మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ ఇదే అలవాటు. ఫోన్‌లోంచి తల ఎత్తకుండా కవరు నా వైపు చాపి "చూడు నాన్న" అంటుంది. నేను లోపలి వైపు తిరగేసి, కుట్టు మీద బొటనవేలు రాసి, మంచిదో కాదో చెప్పేస్తాను. మాది నేత ఊరు, మా నాయన మగ్గం పక్కన పెరిగినవాణ్ని. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో టైలర్ షాపు పెట్టి ముప్పై ఏళ్లవుతోంది. బట్ట విషయంలో ఎవరైనా ఎదురు చెబితే నాకు ముక్కు మీద కోపం. గల్లీలో అందరికీ ఆ సంగతి తెలుసు.

ఆ శుక్రవారం ఆమె తెచ్చింది మాత్రం ఒక బొమ్మ.

"బొమ్మ అనకు నాన్న. ఫిగర్ అనాలె" అంది.

జానెడు కంటే కొంచెం పొడుగు. ఏదో వీడియో గేమ్‌లో రాక్షసులతో కొట్లాడే ఆడమనిషట. ఒంటి నిండా కవచం, చేతిలో తనంత ఎత్తు కత్తి, వీపు మీద మడమల దాకా వేలాడే ముదురెరుపు బట్ట. ఆ బట్టను కేప్ అనాలట. చేసినవాళ్లు కొన్ని మాత్రమే చేసి ఆపేశారట. ఇప్పుడు దొరక్కపోయేసరికి డూప్లికేట్లు బాగా తిరుగుతున్నాయట. పంజాగుట్టలో ఇలాంటివి కొని అమ్మే ఒకతని దగ్గర తీసుకుంది. ఆదివారం సాయంత్రం లోపల, ఇచ్చింది ఇచ్చినట్టు తెస్తే వాపసు తీసుకుంటానన్నాడట అతను. అసలుదైతే ఉంచుకోవాలి, కాదంటే తిరిగిచ్చేయాలి. ఆ తేల్చే పని నాకు పెట్టింది.

నాకు నవ్వొచ్చింది. "ఇరవై నాలుగేండ్లు వచ్చినయి, ఇంకా బొమ్మలాటలా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "జాబ్ పోయినప్పుడు ఎనిమిది నెలలు రూంలనే కూసున్న గద నాన్న. అప్పుడు రోజంతా గీమెతోనే ఆడిన. పొద్దున లేవాలనిపించిందంటే గీమె వల్లనే. నాకు డూప్లికేట్ వద్దు" అంది.

ఆ ఎనిమిది నెలలు నేను మరిచిపోతానా? మూసిన తలుపు అవతల టకటకమని బటన్ల చప్పుడు. ఇవతల అన్నం పళ్లెం పట్టుకుని, ఏం మాట్లాడాలో తెలియక నేను. తలుపు కొట్టడానికి కూడా భయపడేవాణ్ని. లోపల నా బిడ్డకు తోడున్నది ఈ జానెడు ఆడమనిషి అని ఆ శుక్రవారమే తెలిసింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నాను.

ఆమె ఫోన్‌లో చూసి అసలుదాని గుర్తులు ఒక్కొక్కటీ చదువుతుంటే నేను చూస్తూ పోయాను. ప్లాస్టిక్ బొమ్మకు రెండు సగాలు కలిసే చోట సన్నని గీత ఉంటుందట, మంచి పనివాడు దాన్ని అరగదీసి మాయం చేస్తాడట. చంకలో, తొడ వెనక, చెవి కింద వేలు పెట్టి రాశాను. ఎక్కడా తగల్లేదు. కవచం మీది వెండి రంగు పక్కనున్న నలుపులోకి పాకలేదు. రెండు కళ్లూ ఒకే వైపు చూస్తున్నాయి. బొమ్మను నిలబెట్టే పీట మీది మేకుకు పాదం బిగువుగా దిగింది, ఊగలేదు. చవక ప్లాస్టిక్ వాసన లేదు. నిజం చెప్పాలంటే ఆ చేయి ఎవరిదో గానీ దండం పెట్టాలనిపించింది.

"కేప్ నువ్వే చెప్పాలె. అది నీ సబ్జెక్టు" అంది. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద బట్ట రంగు సరిగా తెలియదు. రేపు షాపులో మిషను దీపం కింద చూసి చెబుతానన్నాను.

శనివారం ఆమె బేగంపేట ఆఫీసుకు పోయింది. పాత ఉద్యోగం కాదు, కొత్తది. మధ్యాహ్నం పని పల్చబడ్డాక బొమ్మను మిషను మీద నిలబెట్టి దీపం వేశాను. బట్ట మంచిదే. నేత దగ్గరగా ఉంది, జారుడు కూడా ఉంది. కానీ కింది అంచు చూసి నా ఒళ్లు మండింది. మడత లేదు, కుట్టు లేదు. అక్కడక్కడా చినుగులు, వేలాడే పోగులు. ఇంత పనితనం చూపించి, చివరికి అంచు కట్టకుండా పంపుతారా ఎవరైనా? మా నాయనైతే అలాంటి బట్టను గడప దాటనిచ్చేవాడు కాదు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. మా పనిలో బట్టను చివరిసారి చూడటమంటే, చిన్న కత్తెర చేతిలో పట్టుకుని చూడటమే. కనబడిన పోగు కనబడినట్టు తెంపేస్తాం. ఒక పోగు తీశాను. దాని పక్కది తీశాను. అంచు వంకరైంది. సరిచేద్దామని చుట్టూతా ఒక గోరు వెడల్పున కత్తిరించాను. కత్తిరించిన అంచును అలా వదలడానికి మనసొప్పలేదు. సన్నగా చుట్టి, అదే రంగు దారంతో చేత్తో హెమ్మింగ్ చేశాను. ఎదురుగా లేసుల షాపు భాయ్ చాయ్ తాగుతూ వచ్చి చూశాడు.

"అరె అన్నా, ఏం సఫాయి ఉంది జీ. మషీన్ మీద సుత రాదు గీ పని" అన్నాడు.

నేను పొంగిపోయాను. నా బిడ్డకు ఆ ఎనిమిది నెలల్లో చేయలేనిది ఏదో ఇప్పుడు చేసినట్టనిపించింది. ఇచ్చింది ఇచ్చినట్టు ఉండాలన్న మాట తలలోకే రాలేదు.

నాలుగింటికి ఆమె ఫోన్ చేసింది. గొంతు హుషారుగా ఉంది. "నాన్న, గీ ఫిగర్లు కొనేటోళ్ల గ్రూపుల తెలిసినోళ్లు చెప్పిండ్రు. మొహం, రంగు, బరువు, అన్నీ కాపీ కొడ్తున్నరట. ఒక్క కేప్ దగ్గరనే దొరుకుతరట. ఆ చినుగులు కావాలనే పెట్టిండ్రు, యుద్ధంల చినిగినట్టు. అసలుదైతే ఆ పోగులు లాగినా రావు, వేడి పెట్టి అతికిస్తరట. డూప్లికేట్‌వి లాగంగనే వస్తయి. నువ్వు ఏం లాగకు. నేనొచ్చినంక ఇద్దరం చూద్దాం."

"సరే బిడ్డా" అన్నాననుకుంటాను.

మిషను కింద చూశాను. నేల శుభ్రంగా ఉంది. కత్తిరింపు ముక్కల సంచి మూడింటికే, వారం వారం వచ్చి కొనుక్కుపోయే సనత్‌నగర్ అతను స్కూటర్ మీద పట్టుకుపోయాడు. అతనికి ఫోన్ చేశాను.

"వర్క్‌షాపులల్ల పంచేసిన అన్నా. ఇప్పటికి మషీన్ల ఆయిల్ తుడిచి పారేసి ఉంటరు. ఏమైంది, బంగారం గిట్ల పడ్డదా?" అన్నాడు. ఏం చెప్పను నా మొహం. పెట్టేశాను.

ఆరింటికి ఆమె షాపుకే వచ్చింది. బొమ్మను ఎత్తి వెనక్కి తిప్పింది. కుట్టు వెంట వేలు పోనిచ్చింది, ఈ చివర నుంచి ఆ చివర దాకా. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది, నేనూ నాలుగు అరిచి బయటపడేవాణ్ని.

"నాన్న, జర యాది చేస్కో. నువ్వు తీసిన పోగు, లాగితే వచ్చిందా, కత్తిరిస్తే వచ్చిందా?"

కళ్లు మూసుకున్నాను. ముప్పై ఏళ్లుగా నా ఎడమ చేయి లాగుతుంది, కుడి చేయి కత్తిరిస్తుంది. రెండూ ఒకేసారి. ఏది ముందో నేను ఎన్నడూ చూసుకోలేదు. లాగినా రాలేదు బిడ్డా, అసలుదే, అనేయొచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె నమ్మేది కూడా. కానీ ఆమె నన్నడిగింది అబద్ధం కోసం కాదు.

"గుర్తు లేదు బిడ్డా" అన్నాను.

ఆదివారం ఇద్దరం పంజాగుట్ట పోయాం. షాపతను కేప్ చూసి నావైపు చూశాడు. "కుట్టు మస్తుగుంది అన్నా. కానీ నేనిచ్చింది ఇది కాదు గద, ఎట్ల తీస్కోవాలె?" అన్నాడు. పోనీ అసలుదా కాదా నిజం చెప్పమన్నాను, బతిమాలాను కూడా. "నాకేమెరుక? నేను సుత ఒకల దగ్గర కొన్నదే" అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. మెట్రోలో బొమ్మ ఆమె ఒళ్లో ఉంది. అమీర్‌పేట వచ్చేదాకా ఇద్దరం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం.

ఇప్పుడది ఆమె గదిలో పుస్తకాల పక్కన ఉంది, వీపు గోడ వైపు. స్నేహితురాలు వచ్చి అసలుదేనా అనడిగితే "తెల్వదు" అంది. పక్క గదిలో నాకు వినబడింది. ఆ మాటలో కోపం లేదు, అదే నాకు కష్టంగా ఉంది. నేను పోయినా ఆ బొమ్మ అక్కడ ఉంటుంది, ఆ "తెల్వదు" కూడా ఉంటుంది.

పోయిన వారం ఆమె కొత్త కుర్తా కొనుక్కుని నేరుగా షాపుకొచ్చింది. ఆ కేప్ సంగతి జరిగినప్పటి నుంచి అంతదాకా ఒక్క బట్ట కూడా నాకు చూపించలేదు. ఆ రోజు మాత్రం కవరు నా వైపు చాపింది. నేను ఆత్రంగా చేయి చాపాను. కవరు ఆమె చేతిలోనే ఆగిపోయింది.

"ముందు కత్తెర పక్కన పెట్టు నాన్న" అంది.

చూసుకుంటే నిజంగానే చేతిలో ఉంది.