వదిన పుక్కిట పట్టిన నీళ్ళు

మొన్న మా మేనకోడలు నా పక్కన కూర్చుని, కలిదిండిలో ఎవరో కొత్తగా కట్టుకున్న ఇంటిని ఫోనులో వీడియోగా చూస్తూ, ఇన్ని చదరపు అడుగులు, ఇన్ని కిటికీలు, ఇన్ని బాత్‌రూములు అని నొక్కుకుంటూ పోయి, నేను కాఫీ కలిపి తెచ్చేలోపు ఆ ఇల్లు శుభ్రం చేయడానికి రేటు పంపించేసింది. గడప తొక్కకుండా వెల కట్టే ఈ విద్య నాకు ముచ్చటగానే ఉంటుంది గానీ, నీళ్ళు రుచి చూశావా అని అడగబోయి ఊరుకున్నాను. అత్తయ్యకు చాదస్తం ముదిరిందనుకుంటుందని.

ఆ చాదస్తం నాకు అంటించింది ఆ పిల్ల తల్లే, మా వదిన. మా పనికి ఇప్పటిలా కంపెనీ పేరూ టీషర్టులూ లేని రోజుల్లో, ఏలూరులో మేస్త్రీలు పని ముగించి వదిలేసిన కొత్త ఇళ్ళను గృహప్రవేశానికి సిద్ధం చేసే పని మేమిద్దరం మరో నలుగురు ఆడవాళ్ళతో మొదలుపెట్టాం. గట్టిపడిన సిమెంటు, అద్దాల మీద రంగు చుక్కలు, అల్మరాల్లో రంపపు పొట్టు, అన్నీ మా వంతే. రేటు చెప్పడం మాత్రం వదిన పని, ఆవిడ ఇల్లు చూసే తీరు చూసి తీరాలి. చెప్పులు బయట విడిచి గదిగదికీ వట్టికాళ్ళతో నడిచి, అరికాలికి తగిలే గరుకును బట్టి ఇక్కడ సిమెంటు ఒలికింది, ఇక్కడ పుట్టీ రాలింది అని చెప్పేది. చివరికి కుళాయి తిప్పి, పుడిసెడు నీళ్ళు పుక్కిట పట్టి, కాసేపు ఆగి ఉమ్మేసి, అప్పుడు రేటు చెప్పేది. మా ఊరికి కృష్ణా కాలువా గోదావరి కాలువా రెండూ వస్తాయి కదా, ఆ పూట వచ్చినవి ఏ కాలువ నీళ్ళో కూడా చెప్పేది. అదంతా గొప్ప కోసం చేసే తమాషా అనుకుని నేను పక్కకు తిరిగి నవ్వుకునేదాన్ని.

నా నవ్వు ఆకివీడుతో వదిలిపోయింది. అక్కడ చేపల చెరువుల రైతు ఒకాయన రెండంతస్తుల ఇల్లు కట్టాడు. వదిన తాడేపల్లిగూడెంలో మరో పనిలో ఉండి, ఇల్లు చూసి రేటు చెప్పడానికి మొదటిసారి నన్ను పంపింది. టేపు పట్టి కొలిచాను, కిటికీలు లెక్కపెట్టాను, వట్టికాళ్ళతో కూడా నడిచాను. కుళాయి దగ్గరికి వచ్చేసరికి, రైతుగారి తల్లి వరండాలో కూర్చుని చూస్తూ ఉంటే, పరాయి ఇంట్లో నీళ్ళు పుక్కిలించి ఉమ్మడానికి నామోషీ వేసింది. ఏలూరు లెక్కన రేటు చెప్పి, ముహూర్తం ముందురోజు సాయంత్రానికి అప్పగిస్తామని మాటిచ్చి వచ్చేశాను.

రెండు రోజులు కడిగాం. తడిగా ఉన్నంతసేపూ నల్ల గ్రానైట్ నిగనిగలాడేది, ఆరేసరికి తెల్లటి మచ్చలు తేలేవి. సిమెంటు పోలేదనుకుని మళ్ళీ కడిగితే ఇంకాస్త తేలేవి. మర్నాడే గృహప్రవేశం. రైతుగారి భార్య గుమ్మంలో నిలబడి నేలకేసి చూసి, తెచ్చిన ముగ్గుగిన్నె తిరిగి పట్టుకుపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది. ఏడుపు ఆపుకుంటూ వదినకు ఫోను చేశాను.

మధ్యాహ్నం బస్సు దిగి వచ్చిన వదిన నేలకేసి చూడనైనా చూడకుండా కుళాయి దగ్గరికి వెళ్ళి, నీళ్ళు పుక్కిట పట్టి ఉమ్మేసింది.

"ఇవి ఉప్పునీళ్ళమ్మా. రెండు రోజులనుంచీ నేలకి ఉప్పు పూస్తున్నారు మీరు."

వరండాలోని పెద్దావిడ అప్పుడు నోరు విప్పింది. "మా బోరు ఉప్పేనండీ. ఏలూరు నించి వచ్చినోళ్ళు కదా, తెలిసే కడుగుతున్నారనుకున్నానండీ."

మంచినీళ్ళ ట్యాంకరు తెప్పించాలి. ఆ ఖర్చు రైతుగారిని అడుగుదామన్నాను. ఇల్లు చూసి రేటు చెప్పాల్సింది మనమేననీ, మనం చూడకపోవడం ఆయన తప్పు కాదనీ అంటూ, వదిన తన పర్సు తీసింది. ఫ్యాన్లు ఆపించింది. ముందు ఒకరు తడిబట్టతో తుడుస్తుంటే, మూరెడు దూరంలో మరొకరు పాత నూలుచీర ముక్కతో ఆ తడిని ఎత్తేయాలంది. చుక్క నీరు కూడా నేలమీద తనంతట తాను ఆరకూడదంది. ఒక్క ట్యాంకరుతో రెండంతస్తులూ పొద్దు వాలేలోపు అయ్యాయి. అప్పుడు ఫ్యాన్లన్నీ వేయించింది. గోడవారగా నిలబడి చూస్తున్నాం. నేల ఆరింది. ఒక్క మచ్చ తేలలేదు. పడమటి కిటికీలోంచి వచ్చిన ఎండ ఆ నల్లరాతి మీద గుమ్మం దాకా పరుచుకుంది. ఒక మనిషి నాలుక చివర ఇంత విద్య ఉంటుందా అని వదిన మొహంకేసి అలా చూస్తూ ఉండిపోయాను. రైతుగారి భార్య వట్టికాళ్ళతో ఇల్లంతా తిరిగి వచ్చి, మర్నాడు భోజనాలకు మమ్మల్నందరినీ ఉండమంది.

ఇప్పుడు వదినకు బీపీ, కూరలో ఉప్పు నిషిద్ధం. నిన్న ఉండబట్టలేక, ఆవిడ ఎదుటే మేనకోడలిని కలిదిండి నీళ్ళ సంగతి అడిగాను. ఇప్పుడందరూ ఫిల్టరు పెట్టుకుంటున్నారత్తయ్యా, అన్ని నీళ్ళూ ఒకటే అంది. నిజమే కావచ్చు, పిల్ల తెలివైనది. వదినకు మాత్ర వేసుకోవడానికి ఫిల్టరు నీళ్ళ క్యానులోంచి గ్లాసుడు నీళ్ళు పట్టి ఇచ్చాను. మాత్ర చేతిలోనే ఉంచుకుని, మొదటి గుక్క అలవాటుగా పుక్కిట పట్టింది. ఏ కాలువవి వదినా అని వెనకటిలాగే అడిగాను. ఆ నీళ్ళను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తిప్పింది. మింగేసి, గ్లాసుకేసి చూస్తూ అంది.

"ఈ నీళ్ళకి ఊరు లేదమ్మా."