ముప్పై మూడో పేజీలో ఎలుగుబంటి

నీటి సరఫరా ఆఫీసులో ఆయన అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ ఆయన ఉన్నావాగారే. పంపుహౌసులో మోటారు మీట నొక్కే ముందు ప్రతిసారీ బావి గట్టు మీదికి వంగి "ఉన్నావా?" అని గట్టిగా ఒక కేక వేస్తాడు. పది అంకెలు లెక్కపెడతాడు. జవాబు రాకపోతేనే మీట నొక్కుతాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఇదే వరస. ఫోనులో ఎవరైనా "ఉన్నావాగారు ఉన్నారా?" అని అడిగితే గుమాస్తాలు ఇప్పటికీ నవ్వాపుకోలేరు.

ఎవరిని పిలుస్తున్నారని అడిగితే మాత్రం ఆయన ఏమీ దాచేవాడు కాదు.

"ఎలుగుబంటిని," అనేవాడు.

దాని వెనక ఒక పుస్తకం ఉంది. తొమ్మిదేళ్ల వయసులో లైబ్రరీ నుంచి తెచ్చుకున్నాడు. పేరు గుర్తులేదు, రాసినవాళ్లెవరో అసలే తెలియదు. నీలం గుడ్డ అట్ట మాత్రం గుర్తుంది. అందులో ఉత్తరాలు పంచే ఎలుగుబంటి ఒకటి ఉండేది. ఒకరోజు దాని సంచిలోకి "బావిలో ఉన్నవారికి" అని రాసిన ఉత్తరం వచ్చింది. నాలాంటివాడైతే దాన్ని ఏ తుప్పల్లోనో పారేసి ఇంటికి పోయేవాడు. ఎలుగుబంటికి డ్యూటీ అంటే ప్రాణం. తాడు కట్టుకుని బావిలోకి దిగింది, తాడు పుటుక్కున తెగింది. ముప్పై రెండో పేజీ చివర ఇలా ఉంది: "ఎలుగుబంటి పైకి చూసి గట్టిగా అరిచింది. గట్టు మీది జనం తలలు పట్టుకుని"

పేజీ తిప్పాడు.

"నాలుగు బోల్టులు విప్పి పైమూత తీయవలెను."

వేరే పిల్లాడైతే పుస్తకం విసిరికొట్టి ఆటకి పోయేవాడే. ఈయన మాత్రం ఆ జనం తెలివికి ముచ్చటపడ్డాడు. ఊరికే తలలు పట్టుకు కూర్చోకుండా ఎలుగుబంటి కోసం పంపు బాగుచేస్తున్నారన్నమాట! ఇక పేజీల నిండా వాషర్లు, వాల్వులు, గ్రీజు. ఎలుగుబంటి ఎప్పుడొస్తుందా అని ఒక్క బోల్టు కూడా వదలకుండా చదివాడు. యాభై ఒకటో పేజీలో గుండె ఝల్లుమంది. "మోటారు నడుపుటకు ముందు బావిలో ఎవరునూ లేరని రూఢి చేసుకొనవలెను." అంటే అది ఇంకా లోపలే ఉంది! చివరి పేజీలో "ఇట్లు చేసినచో యంత్రము నిరాటంకముగా పనిచేయును" అని ఉంది. అంతే, పుస్తకం అయిపోయింది. యంత్రం సంగతి తేలింది గానీ ఎలుగుబంటి సంగతి తేలలేదు.

నాలుగుసార్లు చదివాడు. గడువు దాటిందని లైబ్రరీ వాళ్లు పుస్తకం వెనక్కి తీసుకునే వేళకి ఎలుగుబంటి పైకి రాలేదు గానీ, కుర్రాడికి పంపు విప్పి బిగించడం వచ్చేసింది. ఈ ఉద్యోగంలోకి ఎలా వచ్చారని అడిగితే ఆయన చెప్పే కథ ఇదే. నమ్మినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు.

పదకొండేళ్ల కిందట ఒకరోజు, ఆయన అలవాటు ప్రకారం కేక వేస్తే కింద నుంచి "ఉన్నా!" అని జవాబొచ్చింది. ఆయన గట్టు మీదే కూలబడ్డాడు. తీరా చూస్తే పూడిక తీసే మనిషి. దిగుతున్నట్టు ఎవరికీ చెప్పకుండా దిగాడు. మీట నొక్కి ఉంటే ఆ మనిషి దక్కేవాడు కాదు. ఆ వారమే పైఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది, ఇకమీదట అన్ని పంపుహౌసుల్లోనూ కేక వేశాకే మోటారు వేయాలని. ఉత్తర్వులో ఎలుగుబంటి ఊసు లేదని ఈయన లోలోపల కొంచెం నొచ్చుకున్నాడు.

ఇప్పుడు రిటైర్మెంటుకి పది రోజులుంది. పంపుహౌసు తాళాలు కొత్తగా వచ్చిన ఆపరేటరమ్మాయికి అప్పగించాలి. ఎలుగుబంటి బయటపడిందో లేదో తెలియకుండా తాళాలు ఇచ్చేయడానికి ఆయనకి చేతులు రావడం లేదు. పుస్తకం వేటలో పడ్డాడు.

"రిటైరయ్యేవాళ్లు పెన్షన్ కాగితాల కోసం తిరుగుతారు. మీరు ఎలుగుబంటి కోసం తిరుగుతున్నారు. నలుగురూ అడిగితే ఏం చెప్పమంటారండీ?" అంది భార్య.

"కాగితాలెక్కడికి పోతాయే? అదక్కడ బావిలో ఉంది."

"యాభై ఏళ్లయింది. ఈపాటికి అది..."

"అనకు!" అని అరిచాడు. పెళ్లయిన నాటి నుంచి ఆమె మీద అంత గట్టిగా అరిచింది లేదు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మర్నాడు పొద్దున తనే గొడుగు తెచ్చి ఆయన చేతికిచ్చి, "జాగ్రత్తగా వెతకండి," అంది.

పాత పుస్తకాల కొట్టువాడు మొదట ఎలుగుబంట్ల మీద రెండు పుస్తకాలు, తర్వాత బావులు తవ్వడం మీద ఒకటి అంటగట్టాడు. లైబ్రరీలో కౌంటరు ఆయన కళ్లజోడు సర్దుకుని, "జంతువుల కథలు మేడ మీద, యంత్రాలు కింద. మీది మేడ మీదో కిందో ముందు తేల్చుకుని రండి," అన్నాడు.

"రెండూ అండీ. ముప్పై రెండో పేజీ దాకా మేడ మీద, ఆ తర్వాత కింద."

కౌంటరు ఆయన రిజిస్టరు మూసేశాడు. ఇలాంటి కేసులు ఆయన పరిధిలోకి రావు. "వెనక సందులో మా పాత బైండరమ్మ ఉంటుంది. ఆ రోజుల్లో అట్టలన్నీ ఆవిడే వేసేది. అక్కడ అడగండి," అని వదిలించుకున్నాడు.

బైండరమ్మకి ఎనభై దాటాయి. ఒక్క గది. గదిలో సగం మంచం, సగం ఇనుప ప్రెస్సు. జిగురు వాసన గోడల్లోకి ఇంకిపోయింది. ఈయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, "ఏం కథ బాబూ, చెప్పు," అంది.

ఈయన మొదటి నుంచీ చెప్పాడు. ఆవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని వింది. తాడు తెగిన చోట "అయ్యయ్యో," అంది. "గట్టు మీది జనం తలలు పట్టుకుని..." అని ఈయన ఆగాడు.

"తర్వాత?"

"నాలుగు బోల్టులు విప్పి పైమూత తీయవలెను."

బైండరమ్మ మొహం పాలిపోయింది.

"నన్నేమీ చెయ్యరుగా బాబూ?" అంది చిన్న గొంతుతో. "తనిఖీ వస్తోంది, సాయంత్రానికి నలభై పుస్తకాలు కుట్టెయ్యమన్నారు. ఆ ఎలుగుబంటి పుస్తకం, పంపు పుస్తకం రెండూ ఒకే కొలత. రెండూ సరిగ్గా నడిమికి విరిగాయి. నేనెన్నడూ పుస్తకం చదివి ఎరగను. ముప్పై రెండు తర్వాత ముప్పై మూడు వచ్చిందా లేదా, అంతే చూసేదాన్ని. వచ్చింది, కుట్టేశాను."

"అంటే... రెండోది కూడా ఉందా?"

ఆవిడ మంచం కిందికి వంగి రేకు పెట్టె లాగింది. అడుగున గుడ్డలో చుట్టి ఉంది, నీలం అట్ట. "మీది చిరిగి ఏనాడో చిత్తుకాగితాల్లో పోయింది. ఇదొకటి మాత్రం ఎవరో తెచ్చి నా మొహాన కొట్టారు. ఉద్యోగం ఊడుతుందని అప్పుడు దాచేశాను, ఇన్నాళ్లూ అలాగే ఉండిపోయింది."

మొదటి సగమంతా పంపు. ముప్పై మూడో పేజీ నుంచి ఎలుగుబంటి. ఆ పేజీ అంచున ఎవరో పెన్సిలుతో కసిగా "మోటారు విప్పి కూర్చున్నాను. తర్వాత?" అని రాసుకున్నారు.

ఈయన కళ్లజోడు పెట్టుకున్నాడు. పైకే చదివాడు. గట్టు మీది జనం తలలు పట్టుకుని కాసేపు ఆలోచించారు. ఆకలేసి, భోజనాలకి ఇళ్లకి వెళ్లిపోయారు. బావిలో ఉండే కప్ప ఒకటి ఉత్తరం విప్పి చూసి, ఇది పక్క బావిదంది. ఆ మూల నాచు కింద మెట్లున్నాయని కూడా చెప్పింది. ఎలుగుబంటి మెల్లగా మెట్లెక్కి పైకొచ్చింది. అటూ ఇటూ చూసింది. గట్టు మీద ఎవరూ లేరు. సంచి దులుపుకుని పక్క బావి వైపు నడిచింది. సమాప్తం.

"బయటపడిందిగా!" అంది బైండరమ్మ సంబరంగా.

ఉన్నావాగారు పుస్తకం మూశాడు. బయటపడినందుకు ప్రాణం లేచి వచ్చింది, నిజమే. కానీ దుఃఖం కూడా వచ్చింది. పంపు లేదు, బోల్టులు లేవు. ఇన్నేళ్లూ తను మెచ్చుకున్న ఆ జనం అన్నానికి పోయారు.

"ఒక్కడైనా పిలవలేదమ్మా," అన్నాడు.

ఆవిడ కత్తెర అందుకుంది. "నా తప్పే. కుట్టు విప్పి ఎలుగుబంటి సగం మీకు విడిగా కట్టిస్తాను. నా పాపం కొంచెమైనా తీరుతుంది."

"విప్పకండి," అని పుస్తకం గుండెకి హత్తుకున్నాడు. "మీరు సరిగ్గా కుట్టి ఉంటే ఆ పూడిక తీసే మనిషి ఈపాటికి ఉండేవాడు కాదు."

ఆ మనిషి ఎవరో బైండరమ్మకి తెలియదు. ఆ కథ కూడా మొత్తం చెప్పించుకుంది. విన్నాక కత్తెర పెట్టెలో పెట్టేసింది.

పదో రోజున, పంపుహౌసు తలుపు దగ్గర ఆపరేటరమ్మాయి తాళాల కోసం చెయ్యి చాపింది. పుస్తకం సంగతి అప్పటికే ఆఫీసంతా పాకింది. ఉన్నావాగారు తాళాలు జేబులోంచి తీయకుండా నేరుగా గట్టు దగ్గరికి వెళ్లి వంగాడు.

"ఉన్నావా?"

"అదేంటి సార్, ఎలుగుబంటి బయటికొచ్చేసిందిగా? ఇంకా ఎందుకు పిలవడం?"

"వచ్చింది తల్లీ. అది వచ్చేసరికి గట్టు మీద ఎవరూ లేరు."

అమ్మాయి నవ్వబోయి మానేసింది. పక్కకొచ్చి గట్టు మీద చేతులాన్చి తనూ బావిలోకి వంగింది. ఇద్దరూ కలిసి పది దాకా లెక్కపెట్టారు. అప్పుడాయన జేబులోంచి తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు.