ఖురూజ్ బోర్డు

సౌదీలోని తబూక్‌లో పాత రైల్వే స్టేషన్‌ని మ్యూజియం చేశారు. ఒక శుక్రవారం నేనూ, నా గదిలో ఉండే జగిత్యాల మేస్త్రీ చూడ్డానికి వెళ్లాం. సౌదీవాళ్లకి ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ లెక్కలో మా కంపెనీ వెనకబడి ఎర్ర రంగులో పడిన రోజులవి. మా వీసాల యజమాని కఫీల్ ఎవరిని ఉంచుతాడో, ఎవరిని పంపుతాడో తెలియదు.

బొగ్గు ఇంజనూ, పెట్టెలూ చూసి తిరిగి వస్తూ మేస్త్రీ తలుపు దగ్గర ఆగిపోయాడు. పైన ఆకుపచ్చ బోర్డు మీద అరబ్బీలో 'ఖురూజ్' అని ఉంది. బయటికి దారి అని. ఇంటికి పంపేసేవాళ్ల కాగితం మీదా అదే మాట ఉంటుంది. అతను చదవగలిగిన అరబ్బీ అదొక్కటే.

"దీని కిందికెల్లి నేను రానన్నా. వచ్చిన తలుపులకెల్లే పోదాం."

"బోర్డుకి నీ పేరేం తెలుసయ్యా? ఆ ఇంజను కూడా నీలాగే భయపడి ఇక్కడే ఆగిపోయిందా?" అని జబ్బ పట్టి ఈడ్చుకొచ్చాను. కాపలావాడు పగలబడి నవ్వాడు.

వారం తిరక్కుండా మేస్త్రీకి ఎగ్జిట్ కొట్టారు. పెట్టె సర్దుకుంటూ అడిగాడు.

"నువ్వు గూడ దాని కిందికెల్లే వచ్చినవ్ గదా. నిన్నెందుకు ఉంచిండు?"

"కంపెనీ ఎరుపులోంచి బయటపడాలంటే మనవాళ్లు తగ్గాలి. నాలా లెక్కలు రాసేవాడు వెంటనే దొరకడు. తాపీ పట్టేవాడు ఎప్పుడైనా దొరుకుతాడు," అన్నాను. అందులో అబద్ధం లేదు.

అతను పెట్టెకి తాడు బిగించాడు.

"నీకన్న గా బోర్డే నయమన్నా."